కొత్త ప్యాడ్లు వేశాక ఒక్క చక్రమే కాలుతోందా?

ముందు బ్రేక్ ప్యాడ్లు మార్పించిన మర్నాడే రాజమండ్రి నుంచి మారేడుమిల్లి బయల్దేరాం. గోకవరంలో టీకి ఆగితే ఎడమ ముందు చక్రం నుంచి మాడు వాసన. కుడి రిమ్ము గోరువెచ్చగా ఉంది, ఎడమదాని దగ్గర చెయ్యి పెట్టలేకపోయాను. కొత్త ప్యాడ్లు మొదట్లో కాస్త వాసనేస్తాయి నిజమే, కానీ ఆ వాసన రెండు వైపులా రావాలి. ఆ వేడితో ఘాట్ ఎక్కితే బ్రేక్ ఆయిల్ మరిగి పెడల్ కిందకి జారిపోతుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే 230 డిగ్రీల వరకూ ఆగుతుంది, తేమ పట్టిందంటే 155కే మరగొచ్చు. అందుకే బాగా ఆరనిచ్చి, ఆగుతూ ఆగుతూ ఇంటికొచ్చేశాం. కాలుతున్న డిస్క్ మీద మాత్రం నీళ్లు పొయ్యకండి, వంకర పోతుంది.

చల్లారాక వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, జాకీ ఎత్తి, స్టాండ్ పెట్టి చక్రం తిప్పండి. సన్నగా రాసుకున్న చప్పుడు ఫర్వాలేదు. నాది పావు చుట్టు కూడా తిరగలేదు. అప్పుడు కాలిపర్ (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) మీద ఆయిల్ వదిలే చిన్న మర, అంటే నిపుల్‌కి సన్న ట్యూబు తగిలించి అర చుట్టు వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలేస్తే ఒత్తిడి లోపలే ఉండిపోతోందన్నమాట, మొదట కాలిపర్‌కి ఆయిల్ తెచ్చే రబ్బరు గొట్టాన్ని అనుమానించాలి. వదలకపోతే కాలిపర్ దగ్గరే ఏదో పట్టేసింది. నాది వదల్లేదు.

చక్రం, కాలిపర్ విప్పాను. కాలిపర్ అటూ ఇటూ జరిగేందుకు ఉండే స్లైడ్ పిన్నుల్లో పైది వేలితో కదిలింది, కిందది ప్లయర్‌తో మెలిపెడితేగానీ రాలేదు. దానికి తారులా గట్టిపడ్డ గ్రీజు. ఇక ప్యాడ్ చెవి (బ్రాకెట్‌లో కూర్చునే అంచు) మీద సుత్తి దెబ్బ గుర్తు! ప్యాడ్లని పట్టుకునే ఆ బ్రాకెట్‌లో తుప్పుంటే గీకకుండా కొట్టి దూర్చేశారు. ప్యాడ్ వేలితో తోస్తే జరగాలి. వైరు బ్రష్‌తో తుప్పు గీకి, పిన్నులకి బ్రేకుల కోసమే అమ్మే సిలికాన్ గ్రీజు రాశాను. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి మళ్లీ మొదటికొస్తుంది. ప్యాడ్‌ని తోసే పిస్టన్‌ని సి-క్లాంప్‌తో మెల్లగా నొక్కి చూడండి. వెనక్కి పోకపోయినా, దాని రబ్బరు చిరిగినా మెకానిక్‌కే వదిలేయండి.

నిపుల్ విప్పాం కాబట్టి బ్రేక్ ఆయిల్‌లో చేరిన గాలి తీయించాలి. కారు కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి, చాలామంది మర్చిపోయేది ఇదే.

తర్వాతి ఆదివారం గోకవరంలో మళ్లీ టీకి ఆగాం. టీ తర్వాత, ముందు రెండు రిమ్ములూ ముట్టుకుని చూశాను. రెండూ గోరువెచ్చగానే ఉన్నాయి.