రైలు మార్గానికి పోయిన పొలం: పరిహారం చాలనప్పుడు హైకోర్టు దాకా వెళ్ళే దారి

ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు జిల్లాల మెట్ట ప్రాంతంలో దర్శి, పొదిలి, కనిగిరి, ఆత్మకూరు, రాపూరు మీదుగా వేస్తున్న నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గం 309 కిలోమీటర్లు. ఈ మార్గానికి పొలం ఇచ్చిన రైతు ఎకరాకు ఎంత కట్టారని చూసుకొనే ముందు, ఏ చట్టం కింద సేకరించారో అవార్డు (కలెక్టరు పరిహారం నిర్ణయించి ఇచ్చే ఉత్తర్వు) ప్రతిలో చూసుకోవాలి. 2013 భూసేకరణ చట్టమైతే ఇక్కడ చెప్పేది వర్తిస్తుంది; రైల్వే చట్టం కింద ప్రత్యేక ప్రాజెక్టుగా సేకరించి ఉంటే తగాదా మధ్యవర్తి ముందుకు పోతుంది.

అన్నిటికన్నా జాగ్రత్త పడవలసింది సొమ్ము తీసుకొనే రోజున. అభ్యంతరం తెలపకుండా పరిహారం తీసుకొన్నవారికి రిఫరెన్సు, అంటే తగాదాను భూసేకరణ పరిహార తగాదాలు విచారించే అథారిటీకి పంపమని కలెక్టరును అడిగే అర్హత లేదని 2013 చట్టం 77వ సెక్షను చెబుతున్నది. అందుచేత రసీదు మీద సంతకానికి పైన ‘ఈ మొత్తం చాలదన్న అభ్యంతరంతో తీసుకొంటున్నాను’ అని స్వహస్తంతో రాసి, ఆ కాగితాన్ని ఫొటో తీసి ఉంచుకోవాలి. డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడేటట్టయితే ఇదే మాట ముందుగా రిజిస్టర్డు పోస్టులో పంపాలి. ఈ ఒక్క వాక్యం రాయని కారణంగా న్యాయమైన కేసు గడప దగ్గరే ఆగిపోవడం నిజంగా బాధాకరం.

అవార్డు ప్రకటించినప్పుడు హాజరై ఉంటే 6 వారాల్లో, లేనప్పుడు కలెక్టరు నోటీసు అందిన 6 వారాలు, అవార్డు తేదీ నుంచి 6 నెలలు అనే రెండింటిలో ఏది ముందు ముగిస్తే ఆలోగా, 64వ సెక్షను కింద ఈ రిఫరెన్సు కోరుతూ కలెక్టరుకు అర్జీ ఇవ్వాలి. చుట్టుపక్కల అటువంటి భూములకే నోటిఫికేషనుకు ముందు 3 ఏళ్ళలో జరిగిన విక్రయ దస్తావేజుల్లో ఎక్కువ ధర పలికినవాటి నకళ్ళు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో తీసుకోవాలి. బోరు, పైపులైను, నిమ్మచెట్ల లెక్క విడిగా చూపాలి. వాటి విలువ కూడా కలిసిన మొత్తం మీదనే 100 శాతం సొలేషియం (పరిహారానికి అదనంగా ఇచ్చే ఊరట మొత్తం) కడతారు కాబట్టి, ఒక చెట్టు లెక్క తప్పితే నష్టం రెండింతలవుతుంది.

అథారిటీ ఇచ్చిన తీర్పుపై 60 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేయవచ్చు. తగిన కారణముంటే మరో 60 రోజుల వరకు కోర్టు అనుమతించవచ్చు. భూమి కోరిన సంస్థగా రైల్వేకు కూడా ఈ హక్కు ఉన్నందున, గెలిచిన రైతు సైతం నోటీసు రాగానే న్యాయవాదిని పెట్టుకోవాలి.

అర్జీ ఇవ్వని రైతుకు మరొక దారి ఉన్నది. అదే ప్రాథమిక నోటిఫికేషనులోని పక్క పొలానికి అథారిటీ పరిహారం పెంచితే, ఆ తీర్పు తేదీ నుంచి 3 నెలల్లో 73వ సెక్షను కింద తనకూ పెంచమని కలెక్టరును కోరవచ్చు. తీర్పు నకలు పొందడానికి పట్టిన రోజులను ఈ గడువులో లెక్కించరు.