కళ్లద్దాలతో కవాతు – 4వ పాఠం: చేతికి సెలవు

గత మూడు పాఠాల్లో సావధాన్ (కదలకుండా నిటారుగా నిలబడటం), విశ్రామ్ (కాళ్లు ఎడం చేసి నిలబడటం), 30 అంగుళాల అడుగు, నిమిషానికి 120 అడుగుల నడక దాకా వచ్చాం. అద్దాలు లేనివాళ్లకు ఇక్కడితో సగం పని అయిపోయినట్టే. మనకు మాత్రం అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. మనకు అని ఊరికే అనలేదు. తొమ్మిదో తరగతి నుంచి నేనూ అద్దాల మనిషినే.

పాఠానికి ముందు ఒక లెక్క కావాలి. రేపు పొద్దున జేబులో ఒక కాగితం ముక్క, పెన్సిలు పెట్టుకోండి. వేలితో అద్దాలను పైకి తోసుకున్న ప్రతిసారీ ఒక గీత గీయండి. నేను మొదటిసారి లెక్కపెట్టినప్పుడు మధ్యాహ్నం భోజనం వేళకే 41 గీతలు తేలాయి. అన్నిసార్లు ముక్కు దగ్గరికి వెళుతున్న సంగతి నా చేయి నాకు ఎప్పుడూ చెప్పలేదు.

కవాతులో ఆ చేయి మనది కాదు. సావధాన్‌లో పిడికిలి ప్యాంటు కుట్టుకు ఆని ఉంటుంది. విశ్రామ్‌లో వీపు వెనక్కి పోతుంది. తేజ్ చల్ (వేగంగా నడవమనే ఆజ్ఞ) అన్నాక భుజం ఎత్తుకు ఊగుతుంది. ముఖం దగ్గరికి వచ్చేది ఒక్క సెల్యూట్‌లోనే, అదీ అద్దాలు సర్దుకోవడానికి కాదు. కాబట్టి ఈ పాఠంలో నేర్చుకునేవి రెండే: అద్దాలను కదలకుండా నిలపడం, చేయి వాటిని మరిచిపోయేలా చేయడం.

నా సంగతి చెబితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. డిగ్రీ రెండో ఏడాది, ఆగస్టు 15 రిహార్సల్, కర్నూలు పోలీసు పరేడ్ మైదానం. నావి మైనస్ 3 గాజు అద్దాలు, దళసరి నల్ల ఫ్రేము. ముఖ్య అతిథి ప్రసంగానికి బదులు ఎవరో మైకులో అంకెలు చదువుతున్నారు, మేము విశ్రామ్‌లో నిలబడి ఉన్నాం. వాన పడదు, మబ్బు విడవదు, ఉక్కపోత. చెమటకు అద్దాలు జారుతుంటే ముక్కు ముడిచి, కుందేలులా కదిపి పైకి ఎగదోసుకునేవాణ్ని. వెనక నుంచి ఉస్తాద్ (కవాతు నేర్పే శిక్షకుడు) మెల్లగా, "ముందు వరుసలో మూడో ముక్కు ఒక్కటే కవాతు చేస్తోంది" అన్నారు. నవ్వకూడదు కాబట్టి ఎవరూ నవ్వలేదు. తేజ్ చల్ అన్న తర్వాత ఏడో అడుగుకో ఎనిమిదో అడుగుకో అద్దాలు రాలిపోయాయి. వంగి తీసుకోకూడదు. వెనక వరుస బూటు వాటి సంగతి చూసుకుంది.

వింత ఏమిటంటే, అద్దాలు లేకుండా నడిచిన ఆ చుట్టులోనే మా వరుస సూటిగా వచ్చిందని తర్వాత చెప్పారు. ఎందుకు వచ్చిందో కాసేపట్లో చూద్దాం. ముందు అద్దాలు ఎందుకు రాలాయో తేల్చాలి.

మొదటి తప్పు నాదే. జారుతున్నాయని రెండు రోజుల ముందు దుకాణానికి వెళ్లి, బాగా బిగించమని అడిగాను. కాడలను లోపలికి వంచి ఇచ్చారు. కణతలు నొప్పెట్టేంత బిగువు. అందరూ చేసే పొరపాటు ఇదే. తల చెవుల దగ్గర వెడల్పు, ముందుకు వచ్చేకొద్దీ సన్నం. కణతల దగ్గర నొక్కితే, వేళ్ల మధ్య నొక్కిన చింతగింజ ముందుకు దూకినట్టు, అద్దాలు ముందుకే జారతాయి. బిగువు ఉండవలసింది చెవి వెనక. కాడ కణతను తాకీ తాకనట్టు వెళ్లి, చెవి పైఅంచు దాటగానే కిందికి తిరిగి, చెవి వెనక ఎముక వెంట ఒదగాలి. ఆ వంపు చెవికి చాలా వెనక మొదలైతే ఎంత బిగించినా లాభం లేదు. దుకాణంలో "బిగించండి" అనకండి, "వంపు చెవి దగ్గరికి తెచ్చి పెట్టండి" అనండి. ప్లాస్టిక్ కాడ అయితే వేడి చేసి వంచుతారు, చాలా చోట్ల దీనికి డబ్బు కూడా తీసుకోరు.

సరిపోయిందో లేదో ఇంట్లోనే పరీక్షించవచ్చు. తల వంచి నేలను చూస్తూ అడ్డంగా పదిసార్లు ఊపండి. తర్వాత బూటు వేసుకుని థమ్ (ఆగమనే ఆజ్ఞ) చెప్పుకుని, మడమ గట్టిగా కొట్టండి. నడకలో సెకనుకు రెండు అదుర్లు, పది నిమిషాలకు 1,200. ఒక్క దెబ్బకు జారేవి అన్నిటికి ఎక్కడ ఆగుతాయి?

ఇక బరువు. గాజు అద్దాలు వద్దు. బరువే కాదు, పడితే పగులుతాయి. పాలీకార్బొనేట్ తేలిక, దెబ్బకు ఓర్చుకుంటుంది. ముక్కు మీద ఆనే ప్యాడ్లు గట్టి ప్లాస్టిక్‌వి అయితే మెత్తటి సిలికాన్‌వి వేయించుకోండి. పరేడ్ రోజు పొద్దున ముక్కునూ ప్యాడ్లనూ సబ్బుతో కడగండి. ముఖానికి పౌడరూ క్రీమూ వద్దు. తలకు కొబ్బరినూనె ముందురోజు రాత్రితో ఆపేయండి, ఎండకు కరిగి నుదుటి మీదుగా దిగేది నేరుగా ప్యాడ్ల కిందికే. చెవి వెనక తొడిగే చిన్న సిలికాన్ కొక్కేలు దొరుకుతాయి, నాకు ఇష్టమైనవి అవి. తల వెనక పట్టీ ఇంకా గట్టిది కానీ, యూనిఫాంలో కనబడుతుంది. వాడదలిస్తే ఉస్తాద్‌ను ముందే అడగండి, ఆ రోజు పొద్దున కాదు.

టోపీ ముందా, అద్దాలు ముందా? టోపీయే. బెరెట్ పట్టీ చెవుల పైన కూర్చున్నాక, దాని కిందుగా కాడలు దూర్చండి. అద్దాల మీద టోపీ పెడితే పట్టీ కాడలను తొక్కుతుంది, అక్కడి నుంచి టోపీ సర్దిన ప్రతిసారీ అద్దాలు పక్కకు ఒరుగుతాయి. తీసేటప్పుడు ముందు అద్దాలు, తర్వాత టోపీ.

జారితే చూపు మసకబారుతుందని చాలామంది భయం. నిజానికి ఆ తేడా చిన్నది. మైనస్ 5 అద్దం కంటికి 8 మిల్లీమీటర్లు దూరం జరిగితే, పనిచేసే పవరు 4.8 దగ్గరికి తగ్గుతుంది, అంతే. అసలు నష్టం మెడకు. అద్దం కిందికి దిగగానే ఫ్రేము పైఅంచు కంటికి ఎదురుగా అడ్డుగీతలా నిలబడుతుంది. దాన్ని తప్పించుకోవడానికి మనకు తెలియకుండానే గడ్డం లేస్తుంది. గడ్డంతో పాటు ఛాతీ వెనక్కి ఒరుగుతుంది, అడుగు పొట్టిదవుతుంది. 2014 ఆగస్టు 15న, విభజన తర్వాతి తొలి రాష్ట్ర వేడుక మా కర్నూలులోనే ఏపీఎస్పీ (రాష్ట్ర ప్రత్యేక పోలీసు) రెండో పటాలం మైదానంలో జరిగినప్పుడు నేను గ్యాలరీలో ఉన్నాను. అంత దూరానికి ఎవరి ముఖాన అద్దాలున్నాయో తెలియలేదు. గడ్డాల వరుస మాత్రం గీత గీసినట్టు కనబడింది. చూసేవారికి కనబడేది అదే.

అందుకే అభ్యాసం ఇలా. అద్దాలను కావాలని సగం ముక్కు దాకా దించి, గోడకు మడమలు, వీపు, తల ఆనించి నిలబడండి. పైఅంచు అడ్డొస్తుంది, చిరాకు వేస్తుంది. గడ్డం లేపకుండా, చేయి కదపకుండా రెండు నిమిషాలు ఆ గీతను చూస్తూ ఉండండి. రోజుకు రెండుసార్లు చాలు. వారం తిరిగేసరికి ఆ అడ్డుగీత కిటికీ ఊచలా అలవాటైపోతుంది.

ఇప్పుడు నా వరుస సూటిగా ఎందుకు వచ్చిందో చూద్దాం. తేజ్ చల్‌లో ముఖం, కళ్లు ముందుకే ఉండాలి. పక్కవారితో సమానంగా ఉన్నామా లేదా అన్నది కంటి చివరతోనే తెలుసుకోవాలి. కంటి చివర చూపు అద్దాలున్నా లేకున్నా అందరికీ మసకే. అక్కడ అక్షరాలు చదవలేం కానీ, కదలికను ఇట్టే పసిగడతాం. ఊగే పిడికిలి, భుజం అంచు, అంతకన్నా అక్కరలేదు. ఫ్రేము బయటి ఆ మసకను నమ్మలేక, స్పష్టంగా చూడాలని కళ్లు పక్కకు తిప్పడమే మనం చేసే తప్పు. కళ్లు తిరిగితే తల తిరుగుతుంది, తల తిరిగితే భుజం వెళుతుంది. ఆ రోజు అద్దాలు పోయాయి కాబట్టి స్పష్టంగా చూడాలన్న ఆశ కూడా పోయింది, ఉన్న మసకతోనే నడిచాను. ఇది అద్దాలు తీసేయమని చెప్పడం కాదు. ముందువారి వీపు, దారిలో గుంత, గైడ్ (వరుసకు కుడి చివర నడిచేవారు) కనబడటానికి అవి కావాలి. పక్క చూపుకు అడ్డొచ్చేది వెడల్పాటి కాడ. సన్నటి లోహపు కాడలు ఎంచుకోండి.

దీనికి మన ప్రాంతంలో ఖర్చులేని బడి ఒకటుంది: నాపరాళ్లు పరిచిన వసారా. రెండు బండల మధ్య సందు గీత మీద మీరు, పక్క గీత మీద తమ్ముడో చెల్లెలో. చూపు ఎదురు గోడ మీద మేకుపై ఉంచి ఇద్దరూ నడవండి. పక్కవారు చెప్పకుండా అరడుగు వెనకబడాలి. కళ్లు తిప్పకుండా మీరు "ఆగు" అనాలి. మొదట్లో నాలుగింట్లో ఒకటి దొరుకుతుంది, కంగారు పడకండి.

దాహినే దేఖ్‌లో సూత్రం తలకిందులు. గైడ్ తప్ప అందరూ కుడికి చూడాలి. అద్దాలవాళ్లు కళ్లు మాత్రమే తిప్పి ఊరుకుంటారు. అప్పుడు చూపు అద్దం అంచు గుండా పోతుంది, అక్కడ బొమ్మ వంగి పక్కకు జరిగినట్టు కనబడుతుంది, పవరు ఎక్కువైతే మరీనూ. కళ్లను అద్దం నడుమే ఉంచి తలను తిప్పండి, గడ్డం భుజం వైపు రావాలి. సామ్నే దేఖ్ (ఎదురుగా చూడు) అనగానే తల ఒక్క కుదుపుతో వెనక్కి వస్తుంది. రాలిపోవడానికి అద్దాలు కాచుకుని ఉండేది ఆ క్షణంలోనే, కాబట్టి చెవి వెనక వంపును దీనితో మరోసారి పరీక్షించండి.

సెల్యూట్ గురించి ఒక్క మాట. చూపుడువేలు కుడి కనుబొమ్మకు అంగుళం పైన ఉండాలి. కాడకు తగిలితే మోచేయి దిగిందని అర్థం.

ఎండకు నల్లబడే అద్దాల గురించి అడుగుతారని తెలుసు. వేడి ఎక్కువైనకొద్దీ అవి తక్కువ నల్లబడతాయి, మన ఎండలో చల్లటి ఊళ్లలో ఇచ్చినంత నీడ ఇవ్వవు. పైగా యూనిఫాంలో నల్లద్దాలు చాలామంది ఉస్తాద్‌లకు గిట్టవు. ఆషాఢం గాలికి లేచే దుమ్ము అద్దాల మీద పడితే పొడిగా తుడవకండి, గీతలు పడతాయి. నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్దండి.

ఈ వారం పని: గోడ అభ్యాసం, నాపరాళ్ల నడక, జేబులో గీతల కాగితం. చేయి ముక్కు వైపు లేచినట్టు తెలియగానే పిడికిలి బిగించి ప్యాంటు కుట్టుకు ఆనించండి, ఇంట్లో అన్నం తింటున్నప్పుడు తప్ప. వచ్చే పాఠం బ్యాండు వారికి. బూర ఊదితే బుగ్గలు ఉబ్బి ఫ్రేమును కింద నుంచి పైకి నెడతాయి, ఆ తంటా వేరు. అప్పటికి రోజుకు గీతలు పది దాటకుండా చూడండి.