సూళ్లూరుపేట లోకల్‌లో చెన్నై వెళ్లి రావడం ఎలా

చెన్నై నుంచి ఉత్తరంగా నడిచే లోకల్ రైళ్లకు చివరి స్టేషన్ సూళ్లూరుపేట. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో అది నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మారింది. అయినా ఎక్స్‌ప్రెస్ రైలులో చోటు దొరకని రోజున, వైద్యానికో పెళ్లి బట్టలకో చెన్నై వెళ్లవలసిన నెల్లూరు వారికి ఈ దారి ఎంతో అక్కరకు వస్తుంది. అయితే వెళ్లడం సులభమే గాని, తిరుగు బండి సంగతి తేల్చుకోకుండా బయలుదేరితే పెద్దవాళ్లూ పిల్లలూ రాత్రిపూట నడిదారిలో చిక్కుకుంటారు. అందువల్ల ఈ ప్రయాణాన్ని తిరుగు దారి నుంచే లెక్క వేసుకోవాలి.

ముందుగా ఆ రోజు చెన్నై నుంచి సూళ్లూరుపేటకు వచ్చే చివరి లోకల్ ఎన్ని గంటలకో విచారించి, దానికి ముందున్న బండినే మీ బండిగా పెట్టుకోండి. ఈ మార్గంలో తిరిగే లోకళ్లలో ఎక్కువ భాగం గుమ్మిడిపూండి వరకే వచ్చి వెనుదిరుగుతాయి. దాన్ని దాటి ఎళావూరు, ఆరంబాకం, తడ, అక్కంపేటల మీదుగా సూళ్లూరుపేట చేరేవి తక్కువ. గుమ్మిడిపూండిలో ఆగిపోయిన వారికి సూళ్లూరుపేట ఇంకా 30 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. కాబట్టి జనం ఎక్కుతున్నారు గదా అని ఎక్కకుండా, రైలు ముందు భాగంలోని బోర్డు మీద ఊరి పేరు చదివి మరీ ఎక్కాలి. సూళ్లూరుపేటలో దిగాక నెల్లూరుకు మరో 90 కిలోమీటర్ల దూరం ఉంటుంది గనుక, అక్కడి నుంచి ఏ బస్సో, ఏ రైలో కూడా ఉదయమే నిశ్చయించుకోవాలి.

టికెట్ విషయంలో పొరపాట్లు ఎక్కువగా జరుగుతాయి. 200 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి తీసుకున్న జనరల్ టికెట్‌తో, తీసుకున్న 3 గంటలలోగా గాని, ఆ తరువాత వచ్చే మొదటి బండిలో గాని ప్రయాణం మొదలుపెట్టాలి. పొద్దున్నే కొని మధ్యాహ్నం ఎక్కడం కుదరదు. లోకల్ టికెట్‌తో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తనిఖీలో చార్జీతో పాటు కనీసం 250 రూపాయల జరిమానా కట్టవలసి వస్తుంది. 2025లో రైల్వే శాఖ తెచ్చిన రైల్‌వన్ యాప్‌లో టికెట్ తీసుకునేవారు స్టేషన్ లోపలికి రాకముందే ఆ పని ముగించుకోవడం మంచిది. దానిని యాప్‌లోనే చూపాలి గనుక ఫోన్‌లో చార్జింగ్ ఉందో లేదో చూసుకోండి. రోజూ తిరిగే వారికి సీజన్ టికెట్ లాభం. అది 150 కిలోమీటర్ల వరకే ఇస్తారు కాబట్టి నెల్లూరు నుంచి చెన్నైకి దొరకదు. నాయుడుపేట, సూళ్లూరుపేటల నుంచి దొరుకుతుంది.

లోకల్ పెట్టెలలో మరుగుదొడ్లు ఉండవు. ప్రయాణం 2 గంటలకు పైగా సాగుతుంది గనుక మధుమేహం ఉన్నవారిని, గర్భిణులను, చిన్నపిల్లలను రైలు ఎక్కక ముందే స్టేషన్‌లోని మరుగుదొడ్డికి తీసుకువెళ్లాలి. ఈ ఒక్క విషయం తెలియక పెద్దవాళ్లు పడే అవస్థ చూడలేము. అంతసేపు ఆగలేనివారికి మరుగుదొడ్డి ఉన్న మెమూ (దగ్గరి ఊళ్ల మధ్య నడిచే కరెంటు రైలు) గాని, సూళ్లూరుపేటలో ఆగే ఎక్స్‌ప్రెస్ గాని తగినవి. స్త్రీలకు ప్రత్యేకంగా పెట్టె ఉంటుంది. ఫస్ట్ క్లాస్ పెట్టె కూడా ఉంటుంది గనుక, ఎక్కే తొందరలో అందులోకి వెళ్లకుండా తలుపు పక్కన రాసి ఉన్నది చూసుకోండి.

చెన్నైలో ఈ బండ్లు సెంట్రల్ ప్రధాన భవనంలోకి వెళ్లవు. పక్కనే ఉన్న మూర్ మార్కెట్ కాంప్లెక్స్ స్టేషన్‌లో ఆగుతాయి. 1985లో అగ్నికి ఆహుతైన పాత మూర్ మార్కెట్ పేరే దానికి నిలిచింది. తాంబరం వైపు వెళ్లవలసినవారు రోడ్డు దాటి పార్క్ స్టేషన్‌లో మరో లోకల్ పట్టుకోవాలి. మెట్రో కూడా సెంట్రల్ దగ్గరే ఉంది.

శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉన్న రోజున సూళ్లూరుపేటలో రద్దీ బాగా పెరుగుతుంది. ఆ రోజు ఆసుపత్రి పని పెట్టుకున్నవారు బస్సు నుంచి రైలుకు మారడానికి కనీసం గంట వ్యవధి ఉంచుకోవాలి.