వారసత్వంగా వచ్చిన టెక్సాస్ మినరల్స్: ఆయిల్ లీజు బేరం ఎలా ఆడాలి?

టెక్సాస్‌లో పైన భూమి ఒకరిది, కింద ఆయిలూ గ్యాసూ మరొకరివి కావడం మామూలే. మన కోనసీమ పొలంలో గ్యాస్ బావి పడితే రాయల్టీ, అంటే అమ్మకంలో హక్కుదారుకు వచ్చే వాటా, ప్రభుత్వానికి పోతుంది. రైతు చేతికి వచ్చేది భూమి వాడుకున్నందుకు ఇచ్చే పరిహారమే. ఇక్కడ మాత్రం మినరల్ హక్కు ప్రైవేటు ఆస్తి. అమ్ముకోవచ్చు, విల్లు రాయొచ్చు, పైభూమి అమ్మేసి కిందిది అట్టేపెట్టుకోవచ్చు. ఏళ్ల క్రితం వచ్చి ఇక్కడ పొలాలు కొన్న మన పెద్దవాళ్లలో కొందరు అలాగే అట్టేపెట్టుకున్నారు. వాళ్లు పోయాక పిల్లలకు ఒక ఉత్తరం వస్తుంది. ఫలానా కౌంటీలో మీకు ఇన్ని ఎకరాల మినరల్స్ ఉన్నాయి, సంతకం పెడితే ఒక్కసారి ఎకరాకు ఇంత బోనస్ ఇస్తాం, జత చేసిన లీజు మీద సంతకం పెట్టి పంపండి అని.

చాలామంది వారంలోపే పెట్టేస్తారు. ఊరికే వస్తున్న డబ్బే కదా అన్న లెక్క. కానీ బావి నుంచి ఆయిల్ వస్తున్నంత కాలం ఆ లీజు నడుస్తూనే ఉంటుంది. మీరు ఈ రోజు వదిలేసిన ఒక్క మాట మీ పిల్లల చెక్కుల్లో కూడా కోత పెడుతుంది.

ముందు కాగితాలు

హక్కు మీ పేరు మీదకు రావాలి. మినరల్స్ ఏ కౌంటీలో ఉన్నాయో ఆ కౌంటీ క్లర్క్ ఆఫీసు రికార్డుల్లో హక్కు చేతులు మారిన గొలుసు తెగకుండా ఉండాలి. విల్లు ఉంటే ప్రొబేట్ చేయించండి, అంటే కోర్టులో రుజువు చేయించండి. వేరే రాష్ట్రంలో ఇప్పటికే ప్రొబేట్ అయి ఉంటే సర్టిఫైడ్ కాపీలు తెచ్చి ఈ కౌంటీలో రికార్డు చేయించండి. విల్లు లేకపోతే కుటుంబం గురించి తెలిసిన, ఆస్తిలో వాటా లేని ఇద్దరు సాక్షులతో వారసత్వ అఫిడవిట్ ఇప్పిస్తే చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి.

తర్వాత మీ నికర ఎకరాలు లెక్కేసుకోండి. 160 ఎకరాల్లో నాన్నగారికి సగం మినరల్స్ ఉంటే 80. నలుగురు పిల్లలకు తలా 20. బోనస్ ఈ 20కే వస్తుంది, 160కి కాదు.

వచ్చిన కాగితం నిజంగా లీజేనా అన్నది చూడండి. మినరల్ డీడ్, రాయల్టీ డీడ్ అన్న మాటలు కనిపిస్తే అది అమ్మకం. ఉత్తరంతో పాటు చెక్కు కూడా జతచేసి పంపేవాళ్లున్నారు. ఆ చెక్కు వెనక సన్న అక్షరాల్లో ఏముందో చదవకుండా బ్యాంకులో వేయకండి.

ధర ఎలా తెలుసుకోవాలి?

టెక్సాస్‌లో ఆయిల్, గ్యాస్ బావుల మీద అజమాయిషీ రైల్‌రోడ్ కమిషన్‌ది. పేరు చూసి తికమక పడొద్దు, రైళ్లతో దానికి ఇప్పుడు సంబంధం లేదు. దాని వెబ్‌సైట్ మ్యాపులో మీ భూమి చుట్టూ ఏ బావులున్నాయో, కొత్తగా ఎవరు పర్మిట్ తీసుకున్నారో ఉచితంగా చూడొచ్చు. పక్కనే పర్మిట్ పడిందంటే కంపెనీకి మీ సంతకం తొందరగా కావాలి. అప్పుడు బేరం మీ చేతిలో ఉన్నట్టే.

కంపెనీ తరఫున లీజులు కుదిర్చే ల్యాండ్‌మన్ ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడి, అంతా ఈమెయిల్‌లో పంపమనండి. ఫోన్‌లో అంకెలు మాట్లాడకూడదు. ఇది నియమం. ఫోన్‌లో ఇచ్చిన మాట తర్వాత అతనికీ గుర్తుండదు, మీకూ గుర్తుండదు. ఇంకో రెండు కంపెనీలను అడగకుండా మొదటి ఆఫర్‌కు తలూపొద్దు.

అసలు కష్టమంతా రాయల్టీ క్లాజులోనే

బోనస్ మీద హోరాహోరీగా పోరాడి, రాయల్టీ క్లాజు చదవకుండా సంతకం పెట్టినవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది. ఎకరాకు ఇంకో వంద డాలర్లు అడిగితే కంపెనీ సంతోషంగా ఇస్తుంది, ఎందుకంటే అది ఒక్కసారి ఇచ్చేది. అది చూపించి గెలిచామనుకుంటారు మనవాళ్లు.

రాయల్టీ శాతం ఒకప్పుడు ఎనిమిదో వంతు ఉండేది. ఇప్పుడు బావులు జోరుగా తవ్వుతున్న చోట్ల ఐదో వంతు, నాలుగో వంతు అడగడం మామూలే. అయితే శాతం కన్నా ముఖ్యమైనది, ఆ శాతం దేని మీద అన్నది. మామిడికాయలకు తోట దగ్గర ఒక ధర, మార్కెట్ యార్డులో ఒక ధర ఉంటుంది. లారీ కిరాయి, హమాలీ, కమీషన్ పోగా మిగిలేదే తోట దగ్గర ధర. గ్యాసుకూ అంతే. బావి దగ్గర నుంచి అమ్మే చోటుకు చేర్చాలంటే పైపుల్లో పోగుచేయాలి, కంప్రెస్ చేయాలి, శుద్ధి చేయాలి. ఆ ఖర్చులో మీ వాటా కోస్తారా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఒక లెక్క చూడండి. గ్యాసు 3 డాలర్లకు అమ్ముడుపోయింది, ఖర్చులు 1.20 అనుకుందాం. ఖర్చులు తీసేసి 25 శాతం ఇస్తే మీకు 45 సెంట్లు. ఏమీ తీయకుండా 20 శాతమే ఇచ్చినా 60 సెంట్లు. పావు వంతు సాధించామని సంబరపడినవాడికి చేరేది 15 శాతమే.

ఇప్పుడు ఫారమ్ తీసి చూడండి. చాలావాటి పైన మూలలో ‘ప్రొడ్యూసర్స్ 88’ అని ఉంటుంది. ‘ఇది అందరూ సంతకం పెట్టే స్టాండర్డ్ ఫారమే’ అంటాడు ల్యాండ్‌మన్. అలాంటి స్టాండర్డ్ ఏదీ లేదు. ఆ పేరు వేసి ఎవరికి కావలసింది వాళ్లు అచ్చు వేసుకుంటారు. అందులో రాయల్టీ పేరా దగ్గర ఆగి, వేలు పెట్టి ఒక్కో మాటా చదవండి. ‘ఎట్ ద వెల్’, ‘ఎట్ ద మౌత్ ఆఫ్ ద వెల్’, ‘నెట్ ప్రొసీడ్స్’ అన్న మాటలు కనిపిస్తే అవి బావి దగ్గర ధర అని చెబుతున్నట్టే. అంటే ఖర్చులు ముందే పోతాయి.

అలాంటప్పుడు కింద ‘ఖర్చులు కోయరాదు’ అని ఒక వాక్యం చేర్పిస్తే చాలనుకుంటారు. చాలదు. 1996లో హెరిటేజ్ రిసోర్సెస్, నేషన్స్‌బ్యాంక్ కేసులో టెక్సాస్ సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన లీజుల్లో అచ్చం అలాంటి వాక్యమే ఉంది. కానీ రాయల్టీ లెక్క మాత్రం బావి దగ్గరి మార్కెట్ విలువ మీద అని రాసి ఉంది. బావి దగ్గర విలువ అంటేనే ఖర్చులు పోగా మిగిలింది, ఇక కోయడానికి ఏమీ లేదు కాబట్టి ఆ వాక్యానికి పనే లేదంది కోర్టు. భూమివాళ్లు ఓడిపోయారు. ఆ తీర్పు మాకు వర్తించదు అని లీజులో రాసుకుంటే సరిపోతుందా అంటే, ఆ ఒక్క వాక్యంతో ఏమీ మారదని తర్వాతి కేసులో అదే కోర్టు తేల్చింది.

కాబట్టి అదనంగా ఒక వాక్యం చేర్చడం కాదు, ఆ మాటలను కొట్టేయించాలి. వాటి స్థానంలో రాయల్టీ ‘గ్రాస్ ప్రొసీడ్స్’ (ఖర్చులు తీయని మొత్తం అమ్మకం డబ్బు) మీద అని, అది కూడా కంపెనీకి సంబంధం లేని కొనుగోలుదారుడికి జరిగిన మొదటి అమ్మకం ధర మీద అని రాయించండి. ఈ రెండో ముక్క మరిచిపోతే కంపెనీ తన సొంత పైప్‌లైన్ సంస్థకే తక్కువ ధరకు అమ్మి, దాని మీద మీకు శాతం ఇస్తుంది. కొనుగోలుదారుడు తన ఖర్చుల కింద ధరలో తగ్గించుకుంటే ఆ మొత్తాన్ని తిరిగి కలపాలని కూడా ఉండాలి. 2023లో డెవాన్ ఎనర్జీ మీద షెపర్డ్ కుటుంబం గెలిచింది ఆ తిరిగి కలిపే మాటల బలంతోనే. కంపెనీ తన యంత్రాలకు వాడుకునే గ్యాసుకు రాయల్టీ ఉండదన్న వాక్యం కనిపిస్తే దాన్నీ తీయించండి. చివరగా, ఇవన్నీ రాసి లీజుకు జతచేసే అడెండమ్‌కూ అచ్చు ఫారమ్‌కూ తేడా వస్తే అడెండమే చెల్లుతుందని ఒక వాక్యం తప్పదు.

ఇదంతా లాయరుకు అప్పగిస్తే పోదా అంటారు. ఆయిల్ అండ్ గ్యాస్ లాయరైతే మంచిదే. అడెండమ్ రాయడానికి మాత్రం గంటల లెక్కన పెట్టుకోండి, బేరం మీరే ఆడండి. వీసా పనులు చూసే తెలిసిన లాయరుకు ఇస్తే మాత్రం అతను ఆ పాత ఫారమే తిప్పి పంపుతాడు. మొత్తం అమ్మేసి చేతులు దులుపుకొందామనేది నాకు అసలు నచ్చదు. కొనేవాడు మీ కన్నా బాగా లెక్కేసుకునే వచ్చాడు.

మిగతా క్లాజులు

కంపెనీ బావి తవ్వడానికి గడువు 3 ఏళ్లు. పొడిగించుకునే ఆప్షన్ ఇవ్వొద్దు. ప్యూ క్లాజు పెట్టించండి. 1947లో లూసియానా లాయరు లారెన్స్ ప్యూ రాసినది ఇది. ఒక మూల ఒక్క బావి తవ్వి మీ ఎకరాలన్నీ పట్టి ఉంచకుండా, బావికి కేటాయించిన మేరకు తప్ప మిగతాది గడువు తీరాక వదిలేయాలి. లోతుకు కూడా ఇదే వర్తించాలని రాయించండి. బావిని మూసి ఉంచి నామమాత్రపు రుసుముతో లీజు లాగడానికి మొత్తం 2 ఏళ్ల పరిమితి పెట్టండి. టైటిల్‌కు మీది పూచీ అన్న వారంటీ క్లాజు కొట్టేయండి. పైభూమి కూడా మీదే అయితే మీ రాతపూర్వక అనుమతి లేనిదే అడుగు పెట్టకూడదని ఉండాలి.

సంతకం రోజు

అన్నయ్య పెట్టాడు కదా, మనమూ పెడదాం అనుకోవద్దు. అన్నయ్య సంతకం అన్నయ్య వాటాకే. అలాగని మీరు పెట్టనంత మాత్రాన బావి ఆగదు. టెక్సాస్‌లో ఒక వాటాదారు లీజుతో కంపెనీ తవ్వొచ్చు. అందుకే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ముందే మాట్లాడుకుని ఒకే అడెండమ్‌తో వెళ్లాలి.

బోనస్‌కు సంతకంతో పాటే చెక్కో, వైరో తీసుకోండి. 30 రోజుల తర్వాత చెల్లించే డ్రాఫ్టు ఒప్పుకోవద్దు. ఆ 30 రోజుల్లో మనసు మారితే వాళ్లు డ్రాఫ్టు చెల్లించరు. మీ సంతకం మాత్రం వాళ్ల దగ్గరే ఉంటుంది. బోనస్ మామూలు ఆదాయంగా పన్నుకు వస్తుంది. రాయల్టీలో 15 శాతం డిప్లీషన్ (నిల్వ తరిగిపోతున్నందుకు ఇచ్చే పన్ను మినహాయింపు) కింద తీసేసుకోవచ్చు. ఇండియాలో ఉండే చెల్లెలికీ వాటా ఉంటే ఆమె డబ్బులో మామూలుగా 30 శాతం ముందే పట్టుకుంటారు. సంతకానికి ముందే పన్నుల లెక్కలు చూసే సీపీఏని అడగండి.

బావి పడి అమ్మకం మొదలయ్యాక డివిజన్ ఆర్డర్ అనే వాటాల కాగితం వస్తుంది. అందులో మీ వాటా దశాంశంలో ఉంటుంది. బావికి కేటాయించిన 640 ఎకరాల యూనిట్‌లో మీవి 20, రాయల్టీ పావు వంతు అయితే 0.0078125. ఒక్క అంకె తేడా ఉన్నా సంతకం పెట్టకండి. ఖర్చుల కోత గురించి వాక్యం ఉంటే కొట్టేసి పంపండి. మొదటి అమ్మకం జరిగిన నెలాఖరు నుంచి 120 రోజుల్లో డబ్బు రావాలన్నది టెక్సాస్ చట్టం. మొదటి చెక్కుతో వచ్చే స్టబ్‌లో పరిమాణం, ధర, పన్ను, డిడక్షన్స్ వేర్వేరు గడుల్లో ఉంటాయి. డిడక్షన్స్ గడిలో సున్నా తప్ప ఏ అంకె కనిపించినా అడెండమ్ కాపీ జతచేసి ఆ రోజే సర్టిఫైడ్ మెయిల్‌లో ఉత్తరం పంపండి.