కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్ చరిత్రలో గొప్ప చివరి షాట్ ఏది? వాదన తేల్చుకునే పద్ధతి

సంక్రాంతికి శ్రీకాకుళం వచ్చిన పాత ఆటగాళ్లు కాలేజీ గ్రౌండ్ దగ్గర కలిస్తే రెండో టీ అయ్యేలోపే ఈ మాట వస్తుంది. విజయనగరంలో సిరిమానోత్సవం రోజుల్లోనూ అంతే. ఆఖరి క్షణంలో పడ్డ బాస్కెట్లలో ఏది గొప్పది? రాత్రి పదింటి దాకా వాదించుకుని, ఎవరి మాట మీద వాళ్లే ఉండి ఇళ్లకు పోతారు. ఒకరు మ్యాచ్ గెలిపించిన షాట్ గురించి మాట్లాడుతుంటారు, ఇంకొకరు కష్టమైన షాట్ గురించి, మూడో ఆయన ఫైనల్లో పడ్డ షాట్ గురించి. ముగ్గురి ప్రశ్నలూ వేరని ఎవరూ గమనించరు. అందుకే ముందు ప్రశ్న ఖాయం చేసుకోవాలి, తర్వాత ఆధారాలు పోగుచేయాలి, మార్కులు ఆఖర్న వేయాలి. ఈ వరస తప్పితే గొంతు పెద్దగా ఉన్నవాళ్లే గెలుస్తారు.

ముందు ప్రశ్న

"చివరి షాట్" అంటే హారన్ మోగుతుండగా పడ్డదేనా? అలా అనుకుంటే 1982 అమెరికా కాలేజీ ఫైనల్లో మైకేల్ జోర్డాన్ వేసిన షాట్ జాబితాలోకే రాదు. జార్జ్‌టౌన్ 62-61తో ముందుండగా నార్త్ కరోలినా తరఫున ఆయన జంప్ షాట్ వేసేటప్పటికి ఇంకా 15 సెకన్ల పైచిలుకే ఉంది. ఆ తర్వాత జార్జ్‌టౌన్ ఆటగాడు బంతిని పొరపాటున ఎదుటి జట్టులోని జేమ్స్ వర్తీ చేతికి ఇచ్చేశాడు, అక్కడితో మ్యాచ్ అయిపోయింది. 1983 ఫైనల్‌ది ఇంకో చిక్కు. స్కోరు 52-52. డెరెక్ విటెన్‌బర్గ్ దూరం నుంచి వేసిన బంతి రింగుకు తగలకుండా కిందికి వస్తుంటే లొరెంజో చార్లెస్ గాల్లోనే అందుకుని డంక్ చేశాడు (నేరుగా రింగులోకి కుక్కాడు), నార్త్ కరోలినా స్టేట్ 54-52తో హ్యూస్టన్‌ను ఓడించింది. దాన్ని షాట్ అనాలా, రీబౌండ్ (పడని బంతిని అందుకోవడం) అనాలా?

మా సూచన 24 సెకన్ల హద్దు. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధనల్లో ఒక జట్టు బంతిని అట్టిపెట్టుకోగల గరిష్ఠ సమయం అది. గడియారంలో 24 లేదా అంతకన్నా తక్కువ ఉండగా పడ్డ బాస్కెట్ తర్వాత ఎదుటి జట్టుకు మామూలుగా ఒక్క అవకాశమే మిగులుతుంది. ట్యాప్ (బంతిని పట్టకుండా తట్టి వేయడం), డంక్, రీబౌండ్ మీద వేసిన బాస్కెట్ అన్నీ లెక్కలోకి రావాలి. ఫౌల్‌కు దక్కే ఫ్రీ త్రోలు మాత్రం వేరే జాబితాలో పెట్టండి, లేకపోతే గంటసేపు దాని మీదే పోతుంది. అమ్మాయిల టీమ్ షాట్లూ ఇదే జాబితాలో ఉండాలి. 2018 అమెరికా కాలేజీ అమ్మాయిల టోర్నీలో నోట్రడామ్ ఆటగాత్తె అరికె ఒగున్‌బొవాలే సెమీఫైనల్లో యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) మీద ఓవర్‌టైమ్‌లో 91-89తో, ఒక రోజు విరామం తర్వాత ఫైనల్లో మిసిసిపి స్టేట్ మీద 61-58తో, రెండుసార్లూ ఆఖరి షాట్‌తోనే గెలిపించింది. అలాంటిది పురుషుల టోర్నీలోనూ కనబడదు. కరణం మల్లీశ్వరి పుట్టిన జిల్లాలో అమ్మాయిల ఆటను పక్కన పెట్టి జాబితా రాస్తే అది సగం జాబితానే.

స్కోర్‌షీట్ చదవడం

జ్ఞాపకాల కంటే ముందు కాగితం చూడండి. ఫిబా స్కోర్‌షీట్‌కు తెల్ల కాగితం మీద అసలు, మూడు నకళ్లు ఉంటాయి. గులాబీ రంగు నకలు గెలిచిన జట్టుకు, పసుపుది ఓడిన జట్టుకు వెళ్తుంది. మీ పీడీ సారు బీరువాలో లేకపోతే ఆ మ్యాచ్ ఆడిన ఎదుటి కాలేజీని అడగండి. యూనివర్సిటీ టోర్నీ అయితే ఏ యూనివర్సిటీని అడగాలో సంవత్సరం చెబుతుంది. శ్రీకాకుళం కాలేజీల పాత మ్యాచ్‌లకు విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం క్రీడా విభాగం, 2008లో ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం వచ్చాక జరిగిన వాటికి ఎచ్చెర్ల. కాగితం ఎక్కడా దొరక్కపోతే జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఆ మర్నాటి, ఆ పై రోజు దినపత్రికల జిల్లా పేజీలు తిరగేయండి. రాత్రి ఆలస్యంగా ముగిసిన ఫైనల్ వార్త చాలాసార్లు ఒకరోజు ఆలస్యంగా వస్తుంది.

షీటు దొరికాక కుడివైపు రన్నింగ్ స్కోర్ చూడండి. రెండు పాయింట్ల బాస్కెట్‌కు ఆ అంకె మీద అడ్డగీత, పక్కన ఆటగాడి నంబరు ఉంటాయి. మూడు పాయింట్లదైతే ఆ నంబరు చుట్టూ సున్నా చుడతారు. ఫ్రీ త్రోకు నిండు చుక్క. "త్రీ వేశాడు" అన్న షాట్ దగ్గర నంబరు చుట్టూ సున్నా లేకపోతే అది రెండు పాయింట్లదే, వాదన అక్కడితో ఆపేయవచ్చు. ఇప్పటి పద్ధతిలో మొదటి, మూడో క్వార్టర్లు ఎర్ర సిరాతో, రెండు, నాలుగు క్వార్టర్లు, ఓవర్‌టైమ్‌లు నీలం లేదా నలుపుతో రాస్తారు. ఆఖరి బాస్కెట్ అని చెబుతున్నది ఎర్ర సిరాలో ఉంటే అది మొదటి లేదా మూడో క్వార్టర్‌ది. జనం రెండు జ్ఞాపకాలను కలిపేసి ఒక షాట్ చేసుకున్నారన్నమాట. ఇది మనం అనుకునేదానికన్నా తరచుగా జరుగుతుంది.

షీటు చెప్పనిది సమయం. రన్నింగ్ స్కోర్‌లో ఎవరు, ఎన్ని పాయింట్లు, ఏ వరసలో అన్నవే ఉంటాయి, ఎన్ని సెకన్లు ఉన్నాయో ఉండదు. అది సాక్షుల నుంచో వీడియో నుంచో రావాలి.

సంవత్సరం కూడా సరిచూడండి. ఫిబా మూడు పాయింట్ల గీత తెచ్చింది 1984లో, అంతకుముందు మ్యాచ్‌లో ఎవరూ త్రీ వేసే వీలు లేదు. 2010 దాకా ఆ గీత 6.25 మీటర్ల దూరంలో ఉండేది, తర్వాత 6.75 అయింది. 2000కు ముందు ఆట 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు, షాట్ క్లాక్ (షాట్ వేయడానికి జట్టుకు ఇచ్చే గడువు) 30 సెకన్లు. కాబట్టి పాత బ్యాచ్‌ల షాట్లకు మన హద్దు 24 కాక 30 సెకన్లు కావాలి. అమెరికా కాలేజీల పురుషుల ఆటలో మూడు పాయింట్ల గీత దేశమంతటా వచ్చింది 1986-87 సీజన్‌లో. జోర్డాన్ షాట్‌నూ ఇప్పటి షాట్లనూ పక్కపక్కన పెట్టేటప్పుడు ఇది మరవకూడదు.

సాక్షులను ఎలా అడగాలి

విడివిడిగా అడగండి. నలుగురిని ఒకచోట కూర్చోబెడితే మొదట మాట్లాడినవాళ్ల కథే నలుగురి కథ అవుతుంది. "మాస్టారూ, అది సగం కోర్టు నుంచే కదా?" అంటే ఆయన అవుననే అంటారు. "మాస్టారూ, మీరు ఏ వైపు కూర్చున్నారు? బంతి ఏ రింగులో పడింది? పాస్ ఎవరు ఇచ్చారు?" అని అడగండి. ఏ వైపు రింగో చెప్పలేనివాళ్లు దూరం కచ్చితంగా చెప్పలేరు.

తర్వాత టేపు పట్టుకుని కోర్టుకు వెళ్లండి. రింగు మధ్య బిందువు ఎండ్ లైన్ నుంచి 1.575 మీటర్లు లోపల ఉంటుంది. అక్కడి నుంచి ఫ్రీ త్రో గీత దాదాపు 4.2 మీటర్లు, సెంటర్ లైన్ దాదాపు 12.4 మీటర్లు. సాక్షిని తాను చూసిన చోట నిలబడమనండి, సుద్దతో గుర్తు పెట్టి కొలవండి. ఏళ్లు గడిచేకొద్దీ షాట్ దూరం పెరుగుతూ పోతుంది. ఇద్దరు సాక్షుల గుర్తుల మధ్య తేడా రెండు మీటర్లు దాటితే తక్కువ దూరాన్నే రాసుకోండి. సిమెంట్ కోర్టు మళ్లీ వేశారా, గీతలు మళ్లీ గీశారా అన్నది ముందే తెలుసుకోవాలి. పాత 6.25 గీత అవతల నుంచి వేసిన త్రీ ఈనాటి గీతకు లోపల పడొచ్చు, అయినా ఆనాటికి అది త్రీయే.

ఫోన్ వీడియో ఉంటే బంతి చేయి వదిలిన ఫ్రేమ్ వెతకండి. బోర్డు చుట్టూ ఎర్ర లైట్ ఉన్న హాల్లో అయితే లైట్ వెలిగేసరికి బంతి చేతిలో ఉందా లేదా అన్నది సూటిగా కనబడుతుంది. మన ఆరుబయట కోర్టుల్లో లైట్ ఉండదు, హారనో విజిలో వినాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. స్కోరర్ బల్లకు 30 మీటర్ల దూరంలో ఫోన్ పట్టుకుంటే హారన్ దాదాపు 0.09 సెకను ఆలస్యంగా రికార్డవుతుంది. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో అది రెండు మూడు ఫ్రేములు. అంటే వీడియోలో హారన్‌కు ఒక ఫ్రేమ్ ముందు బంతి వదిలినట్టు కనబడితే, నిజానికి హారన్ మోగాకే వదిలి ఉండొచ్చు. రిఫరీ సంతకం పెట్టిన ఫలితం దీంతో మారదు. "అనుమానం ఉంది" అని షాట్ పక్కన రాసుకుంటే చాలు.

గడియారంలో 0.2 లేదా 0.1 సెకను మాత్రమే ఉండగా త్రో-ఇన్ (గీత బయటి నుంచి విసిరిన బంతి) అందుకుని షాట్ వేశారంటే ఫిబా నిబంధన ప్రకారం అది చెల్లదు. అంత తక్కువ సమయంలో ట్యాప్ చేయొచ్చు, నేరుగా డంక్ చేయొచ్చు. అందుకుని వేయడానికి కనీసం 0.3 ఉండాలి.

మార్కులు

మూడు గళ్లు చాలు: ముప్పుకు 40, వేదికకు 30, కష్టానికి 30.

ముప్పు అంటే ఆ షాట్ పడకపోతే ఏమయ్యేదన్నది. మా లెక్కలో అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇదే. ఒకటో రెండో పాయింట్లు వెనకబడి ఉండగా హారన్ మీద వేసి గెలిపిస్తే 40, ఎందుకంటే పడకపోతే ఓటమే. స్కోరు సమానంగా ఉండగా గెలిపిస్తే 20, పడకపోయినా ఓవర్‌టైమ్ ఉంది. ఓడిపోయే మ్యాచ్‌ను సమం చేస్తే అదీ 20, పడ్డా ఇంకా గెలవాల్సి ఉంది. ఎదుటి జట్టుకు ఒక అవకాశం మిగిల్చిన షాట్‌కు 10 తగ్గించండి.

వేదికకు మన దగ్గర సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీ నాకౌట్ అయితే 30, ఇంటర్ కాలేజియేట్ ఫైనల్ 24, సెమీస్ 18, లీగ్ మ్యాచ్ 10, స్నేహపూర్వక మ్యాచ్ 4. కష్టంలో దూరం, మీద ఉన్న డిఫెండర్, పాస్ ఎక్కడి నుంచి వచ్చింది, ఆరుబయట అయితే గాలి, సాయంత్రం ఎండ కంట్లో పడే రింగు అన్నీ చూడాలి. ముగ్గురు విడివిడిగా వేసి సగటు తీయండి.

కొలత పనిచేస్తోందో లేదో అందరికీ తెలిసిన షాట్ల మీద పరీక్షించుకోండి. 1992 మార్చి 28న ఫిలడెల్ఫియాలో కెంటకీ 103-102తో ముందుంది, ఓవర్‌టైమ్‌లో 2.1 సెకన్లు మిగిలాయి. డ్యూక్ తరఫున గ్రాంట్ హిల్ దాదాపు కోర్టు పొడవునా విసిరిన బంతిని క్రిస్టియన్ లేట్నర్ ఫ్రీ త్రో గీత దగ్గర అందుకుని, ఒక్కసారి డ్రిబుల్ చేసి, తిరిగి వేశాడు. 104-103. ముప్పు 40, అది ఫైనల్ ఫోర్‌కు, అంటే సెమీస్ దశకు, ముందు మ్యాచ్ కనుక వేదిక 15, కష్టం 27, మొత్తం 82. 2016 ఫైనల్లో 74-74 దగ్గర విలనోవా ఆటగాడు క్రిస్ జెంకిన్స్ హారన్ మీద వేసిన త్రీకి 20, 30, 20 చొప్పున 70. 2008 ఫైనల్లో మెంఫిస్ మీద 63-63 చేసిన కాన్సస్ ఆటగాడు మారియో చాల్మర్స్ త్రీకి, ఇంకా 2.1 సెకన్లు మిగిలాయి కనుక 10 తగ్గించి, 64. 1995లో 4.8 సెకన్లలో కోర్టంతా పరుగెత్తి మిజూరీ మీద 75-74తో గెలిపించిన యూసీఎల్‌ఏ ఆటగాడు టైస్ ఎడ్నీ లేఅప్‌కు, రెండో రౌండే కనుక వేదిక 8 వేసినా, 74.

ఫైనల్ షాట్ కన్నా రెండో రౌండ్ షాట్ పైన ఉండడం కొందరికి నచ్చదు. నచ్చకపోతే వేదిక బరువు పెంచుకోవచ్చు, కానీ షాట్ల పేర్లు బల్ల మీదికి రాకముందే. పేర్లు చూశాక బరువులు మారిస్తే ముందే అనుకున్న జవాబుకు లెక్క కుదర్చడమే అవుతుంది.

పాస్ ఇచ్చినవాళ్ల పేరు తప్పక రాయండి. లేట్నర్ షాట్‌లో సగం హిల్ విసురు. కెంటకీ ఆ బంతి విసిరేవాడి ముందు ఎవరినీ నిలబెట్టలేదు. అక్కడ పురుషుల ఆటలో టైమౌట్ తీసుకున్నా బంతి ముందుకు రాదు, ఉన్న చోట నుంచే విసరాలి. మన ఫిబా ఆటలో చివరి రెండు నిమిషాల్లో టైమౌట్ తీసుకుంటే కోచ్ త్రో-ఇన్‌ను ముందు కోర్టుకు తెచ్చుకోవచ్చు. కాబట్టి మన దగ్గర ఎవరైనా కోర్టు పొడవునా పాస్ విసిరి గెలిపించారంటే, బహుశా టైమౌట్లు అయిపోయి ఉంటాయి. షీటులో టైమౌట్ గళ్లు చూడండి.

కూర్చునే రోజు

తొమ్మిది మంది చాలు. బేసి సంఖ్య ఉండాలి. నడిపేవాళ్లు జాబితాలో ఉన్న ఏ బ్యాచ్‌కూ చెందకూడదు. సిరిమానం మంగళవారం పెట్టుకోకండి, కోట నుంచి మూడు లాంతర్ల వైపు అడుగు కదలదు. బుధవారం సాయంత్రం మేలు. సంక్రాంతికైతే కనుమ మర్నాడు, వెళ్లేవాళ్లు రైలెక్కకముందు.

ఒక్కో షాట్‌కు నాలుగు నిమిషాలు. జూనియర్లే ముందు మాట్లాడాలి. సీనియర్ అన్న మాట చెప్పేశాక తమ్ముళ్లు నోరు విప్పరు, అది మన దగ్గర మర్యాద. వరస తిరగేస్తే మర్యాదా దక్కుతుంది, అభిప్రాయాలూ బయటికొస్తాయి. మార్కులు చీటీల మీద రాయించండి. ఎవరూ తమ బ్యాచ్ షాట్‌కు మార్కులు వేయకూడదు. మొదటి రెండింటి మధ్య తేడా మూడు మార్కుల లోపు ఉంటే సమానమని రాసేయండి, అంత సన్నని తేడాను ఈ కొలత పట్టుకోలేదు.

తర్వాత షాట్‌కు ఒక పేజీ చొప్పున ఫైలు కట్టండి: తేదీ, వేదిక, షాట్‌కు ముందు స్కోరు, తర్వాత స్కోరు, మిగిలిన సమయం, పాస్, కొలిచిన దూరం, సాక్షుల పేర్లు, అనుమానాలు. స్కోర్‌షీట్ నకళ్ల రాత వెలిసిపోతుంది కనుక వాటిని పగటి వెలుతురులో ఫొటో తీసి జతచేయండి. ఇకముందు జరిగే మ్యాచ్‌లకు ఒక పని చేయండి: ఆఖరి నిమిషంలో పడ్డ ప్రతి బాస్కెట్‌కూ గడియారం ఎంత చూపించిందో బల్ల పక్కన కూర్చున్న ఒక విద్యార్థి వేరే నోట్‌బుక్‌లో రాయాలి, మ్యాచ్ అయ్యాక రిఫరీ సంతకం పడగానే షీటును అక్కడే ఫోన్‌లో ఫొటో తీయాలి.