టైర్లలో గాలి తేడా: లక్షణాన్ని బట్టి కారణం

ముందుగా ఒక విషయం. గాలి ఎంత ఉండాలో చెప్పేది టైరు కాదు, బండి. కారైతే డ్రైవర్ తలుపు తీసినప్పుడు ఫ్రేమ్ మీద కనిపించే స్టిక్కర్‌లోనో, ఇంధనం మూత లోపలో ఆ అంకె ఉంటుంది. టైరు పక్కగోడ మీద ఉన్నది అది తట్టుకోగల గరిష్ఠం. చాలామంది దాన్నే చూసి గాలి కొట్టించేస్తారు.

ఒక్క టైరే మాటిమాటికీ దిగుతోంది

మంచి టైరులోనూ నెలకు ఒకటి రెండు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) తగ్గుతుంది. అంతకన్నా త్వరగా, అదీ ఒక్కదాంట్లోనే తగ్గితే లీకు ఉన్నట్టే. సబ్బునీళ్లు తీసుకుని మొదట వాల్వ్ మీద, తర్వాత ట్రెడ్ (రోడ్డుకు ఆనే భాగం) మీద, చివరికి రిమ్ అంచు చుట్టూ రాయండి. వాల్వ్ నోట్లో బుడగలొస్తే లోపలి పిన్ వదులైంది, బిగించినా మార్చినా సరిపోతుంది. రిమ్ అంచున వస్తే తుప్పో మట్టో అడ్డుపడి ఉంటుంది. టైరు విప్పి శుభ్రం చేయించాలి. మేకు కనిపిస్తే ఆత్రపడి పీకకండి, ఉన్న గాలి కాస్తా పోతుంది. పక్కగోడకు పడిన రంధ్రానికి మాత్రం ప్యాచ్ పనికిరాదు, టైరు మార్చాల్సిందే.

పొద్దున్నే టైరు గాలి హెచ్చరిక లైటు, కాసేపటికి మాయం

ఇది చలి పని. ఉష్ణోగ్రత సుమారు 5 లేదా 6 డిగ్రీల సెల్సియస్ పడితే ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. నడిచాక టైరు వేడెక్కి లైటు ఆరుతుంది గానీ గాలి తక్కువన్న సంగతి మారదు. బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక కొలిచి నింపండి. అదే లైటు స్టార్ట్ చేయగానే ఓ నిమిషం మిణుకుమిణుకుమని తర్వాత నిలకడగా వెలిగితే తప్పు గాలిది కాదు, దాన్ని కొలిచే సెన్సార్‌ది. తరచుగా దాని బ్యాటరీ అయిపోయి ఉంటుంది.

దూరం నడిపాక గాలి ఎక్కువ చూపిస్తోంది

టెన్షన్ వద్దు, గాలి తీయకండి. 32 ఉండాల్సిన చోట 36 కనిపించిందని తగ్గిస్తే, చల్లారాక 28కి పడుతుంది. గాలి ఎక్కువై టైరు పేలుతుందని భయపడతాం కానీ, వేగంలో పేలే టైర్ల విషయంలో నేను ముందు అనుమానించేది తక్కువ గాలినే. గాలి చాలకపోతే పక్కగోడ ప్రతి చుట్టుకూ అణిగి లేస్తూ వేడెక్కుతుంది, లోపలి పొరలు విడిపోతాయి.

అరుగుదల సమంగా లేదు

రెండంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే ఎక్కువ. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ (చక్రాలు సరైన కోణంలో ఉన్నాయా అన్నది) చూపించండి. స్టీరింగ్ ఒక పక్కకు లాగుతున్నా ముందు గాలి కొలిచి, ఆ తర్వాతే అలైన్‌మెంట్‌కు వెళ్లండి.

స్టెప్నీని అందరం మర్చిపోతాం. సన్నగా ఉండే తాత్కాలిక స్టెప్నీకి సాధారణంగా 60 పీఎస్‌ఐ కావాలి, మిగతా టైర్లతో సమానంగా నింపితే చాలదు.