వాక్యూమ్ సీలర్ వాడే ముందు ఈ జాగ్రత్తలు

• వాక్యూమ్ సీలర్ అంటే ప్లాస్టిక్ కవర్లోని గాలి లాగేసి, మూతి అతికించే (సీల్ వేసే) మెషిన్. ఇంట్లో వాడే చిన్న మెషిన్లకు లోపల గీతలున్న కవర్లే కావాలి, నున్నటివాటిలో గాలి సరిగా పోదు. ఆ కవర్లు మీ ఊళ్లో దొరుకుతాయో లేదో చూసుకున్నాకే మెషిన్ కొనండి. గాలి తీయకుండా సీల్ మాత్రమే వేసే బటన్ ఉంటే మంచిది. పూతరేకులు, అప్పడాలు నలగవు.

• గాలి తీసేశాం కదా అని ఫ్రిజ్‌లో పెట్టాల్సినవి బయట ఉంచొద్దు. గాలి లేని చోటే పెరిగే బొట్యులినమ్ అనే బ్యాక్టీరియా ఉంది. దాని విషం వాసనతో, రంగుతో బయటపడదు, ప్రాణం మీదికి తెస్తుంది. అలాంటివి 4 డిగ్రీల లోపే ఉండాలి. పచ్చి వెల్లుల్లి, పుట్టగొడుగులు అసలు సీల్ చేయొద్దు.

• ఫ్రీజర్‌లోంచి తీసిన చేపలు కరగకముందే వాటి కవర్‌ని కత్తిరించి గాలి తగలనివ్వండి, లేకపోతే పైన చెప్పిన బ్యాక్టీరియా పెరగొచ్చు. చాలామంది పట్టించుకోరు గానీ, దయచేసి ఇది మాత్రం మర్చిపోవద్దు.

• క్యాబేజీ, కాలీఫ్లవర్ ముక్కలు మరిగే నీళ్లలో కాసేపు వేసి, చల్లార్చి, తడి ఆరాక సీల్ చేయండి. పచ్చివైతే గ్యాస్ వదిలి కవర్ ఉబ్బుతుంది.

• ఆవకాయ నింపేటప్పుడు కవర్ అంచు బయటికి మడవండి. నూనె అంటితే సీల్ పట్టదు. పైన నాలుగు వేళ్ల ఖాళీ వదలండి.

• పులుసులైతే ముందు గడ్డకట్టించాలి.